ఓటమే లేని సీజనా, ఎదురుచూసి గెలిచిన టైటిలా?

అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 2023-24 సౌత్ కరోలినా జట్టు గొప్పదా, 2024-25 యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) జట్టు గొప్పదా?

సౌత్ కరోలినా 38 మ్యాచ్‌లకు 38 గెలిచింది. అదీ అంతకుముందు సీజన్‌లోని ఐదుగురు స్టార్టర్లూ (మ్యాచ్ మొదట్లో బరిలోకి దిగేవాళ్లు) వెళ్లిపోయాక! టెనెసీ మీద రెండు పాయింట్లు వెనకబడి, సెకను పైచిలుకు మిగిలుండగా, ఆ జట్టు ప్లేయర్ కమిలా కార్డోసో త్రీ (మూడు పాయింట్ల షాట్) విసిరింది. కాలేజీ కెరీర్‌లో ఆమెకు అదే మొదటి త్రీ. బంతి బోర్డుకు తగిలి లోపల పడింది. ఫైనల్లో అయోవాపై 87-75.

యూకాన్ మూడు ఓడింది. ఫైనల్లో మాత్రం అదే సౌత్ కరోలినాను 82-59తో చిత్తు చేసింది. సీజన్‌గా నా ఓటు సౌత్ కరోలినాకే. కానీ మళ్లీ చూడాలనిపించేది యూకాన్ ఫైనలే. మోకాలి గాయంతో ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్న యూకాన్ ప్లేయర్ పేజ్ బ్యూకర్స్, చివర్లో బెంచ్ దగ్గరికొచ్చి కోచ్ జీనో ఆరియెమాను గట్టిగా వాటేసుకుంది. కళ్లనిండా నీళ్లు.