సిరోంచ నుంచి సోమనూరు దాకా ఏటి ఒడ్డు నడక: కొత్తవారిని తీసుకెళ్లవచ్చా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి సోమనూరులో ఇంద్రావతి కలిసే చోటు దాకా ఎడమ ఒడ్డున గుర్తులు వేసిన బాటంటూ ఏదీ లేదు. ఇసుక, మిరప చేల గట్లు, ఎడ్లబండ్ల దారి, మధ్యమధ్య తారు రోడ్డు కలిపి మనమే దారి చేసుకోవాలి. ఏళ్లుగా చలికాలంలో ఇక్కడ నడుస్తున్నాను. ఒంటరిగా అయితే ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. మొన్న మా తోడల్లుడు వెంట వచ్చాడు. కరీంనగర్‌లో పార్కు చుట్టూ తిరగడం తప్ప ఆయనకు నడక తెలియదు. ఆయన లెక్కన మూడుకు మించి ఇవ్వలేను. ఆ ఒక్క మార్కూ ఇసుక తినేసింది.

పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, ఎంత నడిచినా ఊరు దగ్గరపడదు. నీటి అంచున మాత్రం తడిసి గట్టిపడిన మూరెడు పట్టీ ఉంటుంది. కొత్తవారు నీళ్లకు జంకి పైకి జరుగుతారు, పిక్కలు పట్టేస్తాయి. అందుకే ఆయన్ను అంచున ముందు నడవనిచ్చి నేను వెనక ఉన్నాను. నేను ముందుంటే వేగం నాదవుతుంది, ఆయన మొహమాటంతో నోరు మెదపడు. వాగులు కలిసే చోట మాత్రం నేనే ముందు. కర్ర సులువుగా దిగి, పైకి తీయబోతే పట్టేసిందంటే అది ఊబే. ఎంత దూరమైనా చుట్టూ తిరిగి రావాల్సిందే.

ఈ దారి ఏటికేడు మారుతుంది. 2019లో మేడిగడ్డ బరాజ్ మొదలయ్యాక వెనక నీరు నిలిచి, ఇసుక దారి చాలా మేర మునిగింది. చేల గట్లెక్కి నడిచాం. 2022 జులై వరదకు కొన్నిచోట్ల ఆ గట్లే జారిపోయాయి. 2023 అక్టోబరులో బరాజ్ పిల్లర్లు కుంగినప్పటి నుంచి నీరు నిలపకపోవడంతో ఇసుక మళ్లీ తేలింది. పాత ఫొటోలు చూసి బయలుదేరకండి, సిరోంచలో చేపలు పట్టేవారిని అడగండి. బోర్డులు మరాఠీలో ఉన్నా మాట్లాడేది తెలుగే.

అంకీసా దాటాక మిర్చి కల్లాలు. పట్టాల మీద ఎర్రగా కాయలు, అంచున కూర్చుని తాలు ఏరుతున్న ఆడవాళ్లు. గాలి ఇటు తిరగగానే మా తోడల్లుడు తువ్వాలు ముక్కుకు చుట్టుకుని, "అన్నయ్యా, ఏరు చూపిస్తానని తెచ్చి కారం తినిపిస్తున్నారా?" అన్నాడు. ఒక పెద్దామె పడీపడీ నవ్వి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది.

కాళ్లు నొప్పా అని అడిగితే ఎవరూ అవుననరు. గంటకోసారి బూట్లు విప్పించి చూడండి. చర్మం ఎర్రబడ్డప్పుడే ప్లాస్టర్ వేస్తే సరిపోతుంది, బొబ్బ లేచాక చేయగలిగింది తక్కువ.

కొత్తవారి పరంగా ఈ దారికి ఉన్న పెద్ద గుణం జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు. చాలావరకు ఏటికి మరీ దూరం పోదు. తోడల్లుడు అసరెల్లి దాకా ఆటోలో వెళ్లి, నాకోసం టీ తాగుతూ కూర్చున్నాడు. మర్నాడు సోమనూరులో ఎదురుగా తెలంగాణను, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌ను చూస్తూ నాకంటే హుషారుగా ఉన్నాడు. ఆటో ఎక్కకుండా పంతం పట్టి ఉంటే అక్కడికి వచ్చేవాడే కాదు.

వచ్చే చలికాలం వార్ధా, వైన్‌గంగా కలిసే చోటు నుంచి ప్రాణహిత వెంట దిగుదామంటున్నాడు. అక్కడ చప్రాళ అడవి. ఇంకో రెండు చలికాలాలు ఇక్కడే నడవమన్నాను.