జెరూసలేం పాత నగరంలో నాలుగు గంటలు: ఒక గైడ్ సేవపై సమీక్ష

జెరూసలేంలో పవిత్ర స్థలాలను చూపించే గైడ్లకు కొదవ లేదు. ఆ స్థలాల మీద నడుస్తున్న రాజకీయ తగవును దాచకుండా, ఏ పక్షం చరిత్రనూ చెరిపివేయకుండా చెప్పేవారు కావాలనే ఉద్దేశంతో ఈ నాలుగు గంటల నడక యాత్రను ఎంచుకున్నాను. కొన్ని లోపాలున్నా, నేను ఆశించినది చాలావరకు దొరికింది.

అందరిలా యూదులు ప్రార్థించే పశ్చిమ గోడ ముందున్న మైదానంలో కాక, ఆ గోడ దక్షిణపు కొసన ఉన్న పురావస్తు ఉద్యానవనంలో మా గైడ్ యాత్ర మొదలుపెట్టారు. క్రీ.శ. 70లో రోమన్ సైనికులు యూదుల రెండవ దేవాలయాన్ని ధ్వంసం చేసినప్పుడు పైనుంచి దొర్లిపడిన బండలు అక్కడి వీధి మీద నేటికీ కుప్పగా పడి ఉన్నాయి; వాటి బరువుకు కింద పరచిన రాళ్లు పగిలి కుంగిపోయిన చోట నేను చాలాసేపు నిలబడిపోయాను. 1968లో పురావస్తు శాస్త్రవేత్త బెన్యామిన్ మజార్ తవ్వకాల్లో బయటపడిన, ఆ దేవాలయ ప్రాంగణానికి చెందిన, ‘బూర ఊదే స్థలానికి’ అని హీబ్రూలో చెక్కి ఉన్న రాయికి నకలును కూడా అక్కడ చూపించారు. అసలు రాయి ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది.

ఈ ఆధారాలు చూశాక యూదులకు గోడ వెనకనున్న ఈ కొండతో (యూదులకు ఇది దేవాలయపు కొండ, ముస్లింలకు అల్-అక్సా ప్రాంగణం) సంబంధమే లేదనడం కుదరదని, అయితే సంబంధం ఉండడం వేరు, దాని మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న వేరని ఆమె స్పష్టంగా చెప్పారు. నా దృష్టిలో ఈ యాత్ర విలువంతా ఈ ఒక్క విభజనలోనే ఉంది. 1925లో, బ్రిటిష్ పాలన కాలంలో అక్కడి ముస్లింల మత వ్యవహారాలు చూసిన సుప్రీం ముస్లిం కౌన్సిల్ స్వయంగా ప్రచురించిన మార్గదర్శినిలోనే ఇది సొలొమోను దేవాలయం ఉన్న స్థలమన్నది నిర్వివాదమని రాశారని గుర్తుచేసి, 2016 అక్టోబరులో యునెస్కో తీర్మానం ఆ ప్రాంగణాన్ని ముస్లిం పేర్లతోనే ప్రస్తావించడంతో ఇజ్రాయెల్ ఆ సంస్థతో సహకారాన్ని నిలిపివేసిందని వివరించారు. పాత నగరం మూడు మతాలకూ ముఖ్యమైనదని అదే తీర్మానంలో ఉన్న మాటను కూడా వదిలిపెట్టకుండా చెప్పడం నాకు నచ్చింది.

నాకు అసంతృప్తి మిగిలింది మైదానం దగ్గరే. 1949లో ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్య కుదిరిన యుద్ధ విరమణ ఒప్పందంలో పవిత్ర స్థలాలకు స్వేచ్ఛగా వెళ్లవచ్చన్న హామీ ఉన్నా, 1967 వరకు జోర్డాన్ పాలనలో యూదులు ఈ గోడ దగ్గరకు రాలేకపోయిన సంగతిని ఆమె మనసుకు హత్తుకునేలా చెప్పారు. కానీ ఆ ఏడాది జూన్‌లో నగరం ఇజ్రాయెల్ చేతికి వచ్చిన వెంటనే, ఇప్పుడు మేము నిలుచున్న చోటే ఉన్న మగ్రబీ వాడను (మొరాకో మూలాలున్న ముస్లింల పాత వాడ) కూల్చివేసి అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించిన విషయాన్ని రెండు వాక్యాల్లో ముగించారు. ముస్లింలు ఇదే గోడను, ముహమ్మద్ ప్రవక్త రాత్రి ప్రయాణంలో ఎక్కి వచ్చిన బురాక్ అనే వాహనం పేరుతో, బురాక్ గోడ అని ఎందుకు పిలుస్తారో నేను అడిగితే తప్ప చెప్పలేదు. సమతూకం పాటిస్తామని ప్రకటించుకునే యాత్రలో ఇది చిన్న లోపం కాదు.

తర్వాత చెక్క వంతెన మీదుగా మగ్రబీ ద్వారం గుండా పైకి వెళ్లాం. యూదు మత ధర్మం ప్రకారం ఆ కొండ మీదకు వెళ్లడం నిషిద్ధమని చెప్పే, ప్రధాన రబ్బీలు (యూదు మతాచార్యులు) పెట్టించిన సూచన పలక కింద ఉంది. తనిఖీలో మా బృందంలోని ఒకరు బైబిల్‌ను అక్కడే వదిలి రావలసి వచ్చింది. ప్రాంగణ నిర్వహణ జోర్డాన్ ఆధ్వర్యంలోని వక్ఫ్ (ముస్లిం ధర్మాదాయ సంస్థ)ది, భద్రత ఇజ్రాయెల్‌ది, ముస్లిమేతరులు చూడవచ్చు గాని ప్రార్థించకూడదు అన్న 1967 నాటి ఏర్పాటు ఎంత సున్నితమైనదో ఆ బైబిల్‌ను చూశాకే నాకు అర్థమైంది. ఇటీవలి ఏళ్లలో కొందరు యూదులు పైన ప్రార్థిస్తుండడాన్ని, 2023 జనవరిలో మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ అక్కడికి వెళ్లడాన్ని జోర్డాన్ ఆ ఏర్పాటుకు ఉల్లంఘనగా ఎందుకు చూస్తుందో, ప్రార్థన హక్కు కోరే యూదుల వాదన ఏమిటో రెండూ ఆమె ఓపికగా చెప్పారు.

బృందం చిన్నది కావడంతో ప్రశ్నలకు తగినంత సమయం దొరికింది. శుక్ర, శనివారాల్లో ముస్లిమేతరులను పైకి అనుమతించరు కాబట్టి ఆదివారం నుంచి గురువారం మధ్యలో, ఉదయం బృందానికే పేరు నమోదు చేసుకోండి. మగ్రబీ వాడ గురించి మాత్రం మీరే అడగండి.