పార్టులు విప్పకుండా కారుకి వినైల్ ర్యాప్: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ లేస్తుంది

నెల్లూరు మినీ బైపాస్‌లో అయినా ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా, కారుకి ఫుల్ ర్యాప్ (పెయింటు మీద కారంతా రంగు వినైల్ ఫిల్మ్ అతికించడం) అడిగితే షాపువాళ్ల దగ్గర వినిపించే మాట ఒకటుంది: "ఏం విప్పబళ్లేదన్నా, ఉన్నదున్నట్టే వేసేస్తాం." వినడానికి బాగానే ఉంటుంది. కంపెనీ ఫిట్టింగ్ కదలదు, క్లిప్పులు విరగవు, బండి రెండు మూడు రోజుల్లో చేతికొస్తుంది, కూలీ తగ్గుతుంది. ఈ రివ్యూ ఏదో ఒక షాపు మీద కాదు, ఆ పద్ధతి మీద. లెక్క తేలిగ్గా ఉండటానికి స్విఫ్ట్ సైజు తెల్ల హ్యాచ్‌బ్యాక్, దాని మీద ముదురు సాటిన్ (సగం మెరుపు) రంగు అనుకుందాం. విప్పకుండా చేసే పనికి అంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

తీర్పు ముందే చెప్పేస్తే: బానెట్, టాప్, ఫెండర్లు, డోర్ల మైదానం మీద విప్పినా విప్పకపోయినా కంటికి తేడా ఉండదు. బంపర్లు, డోర్ హ్యాండిళ్లు, డిక్కీ డోరు దగ్గరే పనితనం బయటపడుతుంది. పాత రంగూ కొత్త రంగూ దగ్గరదగ్గరగా ఉంటే ధైర్యంగా చేయించుకోవచ్చు. తెలుపు మీద నలుపు వేయిస్తుంటే మాత్రం టెయిల్ లైట్లు, లోగోలు తీయకుండా పని మొదలుపెట్టనివ్వకండి. ఈ రెండూ తీయడానికి అంతా కలిపి గంట పట్టదు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో టెయిల్ లైటు డిక్కీ తెరిస్తే కనబడే రెండు స్క్రూల మీదే ఉంటుంది. లోగోని హీట్ గన్‌తో వెచ్చచేసి, వెనక నుంచి చేపల గాలం దారంతో కోస్తే పెయింటుకి ఏమీ కాకుండా ఊడొస్తుంది.

ఫిల్మ్ నడిమధ్య నుంచి లేవడం అరుదు, ఎక్కువగా అంచు నుంచే లేస్తుంది. ఫిల్మ్ అంచు ప్యానెల్ చివరి మడత వెనక్కి గానీ, రబ్బరు బీడింగ్ కిందికి గానీ కనీసం 3 నుంచి 5 మిల్లీమీటర్లు దూరి కూర్చుంటే నీళ్లూ దుమ్మూ గోరూ దాన్ని పట్టుకోలేవు. పార్టు విప్పడంలో లాభమంతా ఆ 5 మిల్లీమీటర్ల చోటు తేలిగ్గా దొరకడమే. విప్పకుండా చేసేవాడు అదే చోటుని ఇంకో దారిలో సంపాదించాలి. సంపాదించలేనివాడు అంచు దగ్గర బ్లేడుతో కోసేసి వదిలేస్తాడు. డెలివరీ రోజు రెండు పనులూ ఒకేలా కనిపిస్తాయి, వానాకాలం దాటాక కనిపించవు.

బీడింగ్ దగ్గర మంచి పనివాడు చేసేది దగ్గర నుంచి చూడాలి. 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడుని ప్లాస్టిక్ పుల్లతో అద్దం చుట్టూ రబ్బరు కిందికి ముందే తోస్తాడు. రబ్బరు పెదవి పైకి లేచి నిలబడుతుంది. ఫిల్మ్ పరిచి, రబ్బరుకి 5 మిల్లీమీటర్లు అవతల కత్తిరించి, ఆ అంచుని తాడు మీదుగా కిందికి నొక్కి, తర్వాత తాడు చివర పట్టుకుని మెల్లగా లాగేస్తాడు. రబ్బరు మళ్లీ ఫిల్మ్ మీద కూర్చుంటుంది. డోరు ప్యాడ్ విప్పకుండానే విప్పినంత పని అయిపోతుంది. షాపులో ఆ తాడు ముక్కలు కనిపిస్తే సగం నమ్మకం కలిగినట్టే.

ఫిల్మ్ సంగతి. వినైల్‌లో కాస్ట్, క్యాలెండర్డ్ అని రెండు రకాలు. క్యాలెండర్డ్‌ని రోలర్ల మధ్య ఒత్తి తీస్తారు కాబట్టి వేడెక్కితే పాత సైజుకి కుంచించుకుపోవాలని చూస్తుంది. చదునైన బోర్డుకి సరే గానీ బంపర్ గుంటల్లో నిలవదు. కాస్ట్ ఫిల్మ్‌ని ద్రవంగా పోసి ఆరబెడతారు, లోపల ఆ బిగువు ఉండదు. త్రీఎం 2080, ఏవరీ డెనిసన్ ఎస్‌డబ్ల్యూ900 రెండూ కాస్ట్ రకాలే. రోలు వెడల్పు 1.52 మీటర్లు, 2080 మందం గమ్‌తో కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు. నోటి మాట కాకుండా డబ్బా చివర లేబుల్ మీద కోడ్ చూడండి: 2080లో జీ12 అంటే గ్లోస్ (మెరిసే) బ్లాక్, ఎం12 మ్యాట్ బ్లాక్, ఎస్12 సాటిన్ బ్లాక్. లాట్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి 14 నుంచి 16 మీటర్లు, కాంపాక్ట్ ఎస్‌యూవీకి 17 నుంచి 19 మీటర్లు పడుతుంది. మెటాలిక్ రంగైతే ప్యానెళ్లన్నీ ఒకే దిక్కుగా వేయాలి. లేకపోతే ఎండలో ఒక డోరు ఒక షేడు, ఇంకో డోరు ఇంకో షేడు కొడుతుంది. దానివల్ల వేస్టు పెరుగుతుంది గనక 10 మీటర్లలో కారంతా అయిపోతుందన్నవాడిని ఎలా అని అడగండి.

మన దగ్గర ఎక్కువ తప్పులు జరిగేది క్లీనింగ్‌లో. మామూలు వాటర్ వాష్ చాలదు. షాంపూ వాష్, క్లే బార్ (పెయింటుకి అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద), ఆరబెట్టడం, తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవడం. డోర్ల లోపలి మడతలు, బానెట్ కింది పెదవి, చక్రాల పైన ఉండే ఆర్చ్ లోపలి వైపు ఖచ్చితంగా తుడవాలి. గ్రీజు, మైనం, పాత టైరు పాలిష్ అన్నీ దాక్కునేది అక్కడే, ఫిల్మ్ అంచు అతకాల్సిందీ అక్కడే. చీమకుర్తి వైపు తిరిగే బండ్లకి గ్రానైట్ పొడి మడతల్లో పేస్టులా గట్టిపడి ఉంటుంది, దాన్ని బ్రష్‌తో కడగాలి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉండే బండ్లకి ఉప్పుగాలికి తుప్పు చుక్కలు వచ్చాయేమో చూడాలి. తుప్పు మీద ఫిల్మ్ వేస్తే అది దాగదు, లోపల పెరుగుతుంది.

టింకరింగ్ చేసి మళ్లీ పెయింటు కొట్టించిన ప్యానెల్ ఉంటే ముందే చెప్పండి. కంపెనీ పెయింటు మీద నుంచి ఫిల్మ్ తర్వాత శుభ్రంగా వచ్చేస్తుంది. లప్పం పెట్టి బయట కొట్టించిన పెయింటు ఫిల్మ్‌తోపాటు పెచ్చులుగా లేచి రావచ్చు. గట్టి టేపు ఒకటి అంటించి, రుద్ది, చటుక్కున లాగితే ఆ పెయింటు సంగతి తేలిపోతుంది. కొత్తగా పెయింటు పడిన బండికి కనీసం మూడు నాలుగు వారాలు ఆగాలి.

ఇంకో మాట. అద్దాలకీ బోర్డులకీ స్టిక్కర్లు వేసి అలవాటైన చేతులు ఇక్కడ కూడా సబ్బు నీళ్లు కొడతాయి. ఈ ఫిల్ముల గమ్‌లో గాలి పోవడానికి సన్నటి కాలువలుంటాయి, నీళ్లు పడితే అవి పూడుకుపోతాయి. పొడిగానే వేయాలి. నీళ్ల స్ప్రే చేతిలో పట్టుకుని ఫిల్మ్ దగ్గరికి వస్తే అక్కడే ఆపండి.

బానెట్, టాప్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇద్దరు మనుషులు, ఒకే ముక్క, ఫెల్ట్ అంచున్న స్క్వీజీతో (ఫిల్మ్‌ని నొక్కి రుద్దే ప్లాస్టిక్ పలక) మధ్య నుంచి బయటికి. టాప్ మీద యాంటెన్నా చుట్టూ, పక్క కాలువల్లో ఫిల్మ్‌ని గాల్లో వంతెనలా వదిలేయకుండా చూడాలి. కాలువ అడుగుని ముందు అతికించి తర్వాత గోడలకి రావాలి. తిరగేసి చేస్తే ఎండకి అది డేరాలా లేస్తుంది.

బంపర్ మాత్రం వేరే కథ. ముందు బంపర్‌లో ఫాగ్ లైట్ గుంటలు, గ్రిల్ అంచులు, హెడ్‌లైట్ కింద సన్నటి సందు ఉంటాయి. ఒకే ముక్కతో కప్పాలని లాగితే గుంట అడుగున ఫిల్మ్ పల్చబడి రంగు తేలిపోతుంది, కొన్నాళ్లకి వెనక్కి లాక్కుంటుంది. సరైన దారి ఏమిటంటే, గుంటల్లో ముందు విడిగా చిన్న ముక్కలు పెట్టి, వాటి అంచు మీదికి పెద్ద ముక్క సుమారు 6 మిల్లీమీటర్లు ఎక్కేలా, అతుకు సరిగ్గా మడత గీత మీద పడేలా వేయడం. అతుకు కనిపిస్తుందా? మూడడుగుల దూరం నుంచి కనిపించకూడదు, ముక్కు దగ్గర పెట్టి చూస్తే కనిపిస్తుంది. అది తప్పు కాదు, విప్పి చేసిన బంపర్‌కి కూడా గుంటల్లో అతుకులుంటాయి. తప్పయ్యేది ఎప్పుడంటే అతుకు పెదవి గాలికి ఎదురుగా ఉన్నప్పుడు. హైవే మీద వేగానికి గాలి దాన్నే పట్టుకుంటుంది.

విప్పకపోవడం వల్ల అసలు నష్టం హెడ్‌లైట్‌కీ బంపర్‌కీ మధ్య సందులో. అక్కడ వేలు పట్టదు, ప్లాస్టిక్ పుల్ల మాత్రమే పడుతుంది. పుల్లతో 3 మిల్లీమీటర్లు లోపలికి తోస్తే చాలు, కానీ ఆ లోపలి అంచు శుభ్రంగా లేకపోతే తోసింది తోసినట్టే బయటికొస్తుంది. అందుకే తుడిచే గుడ్డ కూడా పుల్లకి చుట్టి లోపలికి పంపాలి. బంపర్ రెండు వైపులా చివరి స్క్రూలు తీసి ఓ వేలు మందం ఎడంగా లాగే షాపులున్నాయి. బంపర్ మొత్తం ఊడదు, సందు మాత్రం తెరుచుకుంటుంది. ఈ మధ్యేమార్గానికి మా ఓటు. కింది పెదవిని కూడా ఓ అంగుళం లోపలికి మడిపించండి. స్పీడ్ బ్రేకర్ తగిలి ముందు చిరిగేది అక్కడే. పార్కింగ్ సెన్సార్ల ముఖం మీద ఫిల్మ్ పడకూడదు.

డోర్ హ్యాండిల్ ఈ పద్ధతికి అసలైన బలహీనత. హ్యాండిల్ వెనక గుంటలోకి స్క్వీజీ పోదు. మంచి పని అంటే గుంటకి వేరే ముక్క, హ్యాండిల్‌కి వేరే ముక్క, డోరుకి వేరే ముక్క. హ్యాండిల్ అడుగు రబ్బరుని పుల్లతో లేపి ఫిల్మ్ 2 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. రోజూ గోళ్లు తగిలే చోటు కాబట్టి అక్కడ అంచు లేచిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. హ్యాండిళ్లకి ర్యాప్ వేయకుండా కారు పాత రంగులోనో, విడిగా నల్ల కవర్లతోనో వదిలేయడం మా దృష్టిలో తెలివైన పని.

కొంతమంది అంచులన్నిటికీ ప్రైమర్ 94 రాసేస్తారు. అది అతుకు పట్టు పెంచే ద్రవం, గుంట చివర్లో గీతలా కొద్దిగా రాస్తే చాలు. కారంతా పులిమితే ఫిల్మ్ తీసే రోజున గమ్ మొత్తం పెయింటు మీదే ఉండిపోతుంది. ఎక్కువ ప్రైమర్ కనిపించిందంటే చేతి పని తక్కువైందని అర్థం.

ఇక బ్లేడు. విప్పకుండా చేసే పనిలో కోతంతా కారు మీదే జరుగుతుంది. గాల్లో తేలి ఉన్న ఫిల్మ్‌నే కోయాలి, అంటే రెండు ప్యానెళ్ల మధ్య సందు మీద. పెయింటు మీద ఆనించి కోస్తే రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, తెగుతుంది. ఆ గీత ఫిల్మ్ తీసేదాకా ఎవరికీ కనపడదు, తీసిన రోజున మాత్రం డోరు చుట్టూ వెంట్రుక గీతలు బయటపడతాయి. సందు లేనిచోట నైఫ్‌లెస్ టేపు వాడాలి. దాన్ని గీత గీయదలిచిన చోట ముందే అంటించి, మీద ఫిల్మ్ వేసి, లోపలున్న దారాన్ని లాగితే ఫిల్మ్ కింద నుంచి తెగుతుంది. డ్యూయల్ టోన్ టాప్ (టాప్ ఒక రంగు, కింద ఇంకో రంగు) లాంటి పనికి ఇది లేకుండా ఒప్పుకోవద్దు. 30 డిగ్రీల మొన ఉన్న 9 మిల్లీమీటర్ల కట్టర్ వాడుతూ, కొన్ని కోతలకోసారి మొన విరుస్తూ ఉంటే మంచి లక్షణం. మొద్దుబారిన బ్లేడుకి చెయ్యి ఎక్కువ నొక్కుతుంది.

చివర్లో చేసే వేడి పనిని ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. సాగదీసిన ప్రతి చోటునీ, ప్రతి అంచునీ ఫిల్మ్ కంపెనీ చెప్పిన వేడికి, సుమారు 90 నుంచి 110 డిగ్రీల దాకా తీసుకెళ్లి వదలాలి. అప్పుడే ఫిల్మ్ పాత ఆకారం మరిచిపోతుంది. చేత్తో తాకి చెప్పే వేడి కాదిది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉండాలి.

వేసే రోజుల వేడి ఇంకో సంగతి. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఫిల్మ్ మాట వింటుంది. మే నెలలో నెల్లూరు 40 దాటినప్పుడు రేకుల షెడ్డులో ఫిల్మ్ చూయింగ్ గమ్‌లా సాగుతుంది, గమ్ తాకీ తాకగానే పట్టేస్తుంది, సర్దడానికి లేపితే రూపు చెడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేయించండి. వేసవిలో తప్పదంటే ఏసీ గది ఉన్న షాపు చూసుకోండి. ఫ్యాన్ కింద చేస్తే రోడ్డు దుమ్మంతా గమ్ మీద వాలుతుంది. ఫిల్మ్ కింద ఇసుక రేణువు పడితే అది బుడగ కాదు, పిన్నుతో పోదు, అక్కడ ఆ ముక్క లేపి తీయాల్సిందే.

పని అయిన మరుసటి రోజు, బండి ఓ పూట ఎండలో నిలబెట్టాక డెలివరీ తీసుకోండి. సరిగా అతకని చోట్లు ఆ ఎండకే లేస్తాయి. నాలుగు డోర్లూ తెరిచి అంచు వెనక వేలు నడపండి. పెట్రోలు ట్యాంకు మూత, మిర్రర్ కింది వైపు, డిక్కీ నంబరు ప్లేటు గుంట తప్పకుండా చూడండి. డోరు తెరిస్తే లోపల తెల్ల రంగు కనపడటం మామూలే, దానికి గొడవ పడొద్దు. మూసి ఉన్నప్పుడు సందుల్లో తెల్ల గీత కనబడితే మాత్రం సరిచేయించండి.

వారం దాకా కడగొద్దు. తర్వాత ప్రెషర్ వాష్ అయితే నాజిల్ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, వెడల్పాటి జల్లుగా, 2000 పీఎస్ఐ లోపు ఒత్తిడితో, నీళ్లు నేరుగా పడేలా. అంచుకి ఏటవాలుగా కొడితే నీళ్లే ఫిల్మ్‌ని లేపుతాయి. పెట్రోలు చుక్క, పిట్ట రెట్ట వెంటనే తుడవాలి. మ్యాట్, సాటిన్ మీద మైనం పాలిష్ వద్దు, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది.

ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది కాబట్టి, ఫుల్ ర్యాప్‌తో రంగు మార్చేముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి సంగతి తేల్చుకోండి. మిలిటరీ గ్రీన్ మీద మోజుంటే ఇంకా జాగ్రత్త. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 121వ రూలు ఆలివ్ గ్రీన్‌ని రక్షణ శాఖ బండ్లకే కేటాయించింది.

డబ్బు చివరి వాయిదా ఇచ్చేముందు మిగిలిన ఫిల్మ్‌లోంచి ఓ మీటరు ముక్క అడిగి తీసుకోండి. మడవకుండా గొట్టానికి చుట్టి, లాట్ నంబరు రాసి, ఇంట్లో ఎండ తగలని చోట పెట్టండి. రేపు బంపర్ మూల గీసుకుపోతే అదే లాటు రంగుతో ముక్క వేయించుకోవచ్చు.