ల్యాప్‌టాప్ సర్వీస్ ప్యాకేజీలతో జాగ్రత్త: ‘సున్నా సైకిల్’ బ్యాటరీ అని స్క్రీన్ మీద చూపెట్టినా నమ్మొద్దు

ల్యాప్‌టాప్ స్లో అయింది, ఛార్జింగ్ నిలుస్తలేదు అని హన్మకొండ, కాజీపేట, వరంగల్ షాపులకు తీసుకపోదామనుకునేటోళ్లు ఒకసారి ఇది చదివి పోండి. ముఖ్యంగా హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు, ఊర్ల నుంచి వాళ్లకు డబ్బులు పంపే అమ్మానాన్నలు. కొత్త బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే, దానికన్నా స్పీడ్ ఉన్న స్టోరేజీ), స్పీడ్ సెట్టింగ్ అన్నీ కలిపి ఒకటే రేటు అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నరు. మా చెల్లె దగ్గర దానికి రూ. 6,800 తీసుకున్నరు. పైసలు పోవుడు ఒక ఎత్తు. ఆమె పాత హార్డ్ డిస్క్ ఇంకా ఆ షాపులోనే ఉండుడు ఇంకో ఎత్తు.

షాపు పేరు ఇక్కడ రాస్తలేను. ఫిర్యాదు నడుస్తున్నది. పేరు కన్నా పద్ధతి తెలుసుడు ముఖ్యం, ఎందుకంటే రేపు ఇదే పని ఇంకో బోర్డు కింద చేయొచ్చు.

చెల్లె కాకతీయ యూనివర్సిటీలో పీజీ చదువుతున్నది. ల్యాప్‌టాప్ నాలుగేండ్ల కిందటిది. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా ఇంకా తిరుగుతనే ఉండేది, ఛార్జర్ పీకితే గంట కూడా ఆగకపోయేది. ప్రాజెక్టు దగ్గరపడ్డదని హన్మకొండలోనే ఒక షాపులో చూపెట్టింది. "అక్కా, బ్యాటరీ మొత్తం డెడ్. ఒరిజినల్ ఏసిస్త, ఎస్‌ఎస్‌డీ పెడ్త, సాఫ్ట్‌వేర్ సెట్ చేస్త, కొత్త దాని లెక్క నడుస్తది" అన్నడు షాపతను. సాయంత్రం ఇచ్చేటప్పుడు బ్యాటరీ రిపోర్టు తెరిచి మరీ చూపెట్టిండు: సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు పూర్తిగా వాడి ఛార్జ్ చేసినమన్న లెక్క) సున్నా, డిజైన్ కెపాసిటీ (కొత్తగా ఉన్నప్పుడు పట్టే ఛార్జ్) 41,040 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) కూడా 41,040. అంత పక్కాగా అంకెలు కనపడితే ఎవరైనా పైసలు ఇస్తరు.

మోసం ఉన్నది కరెక్టుగా ఆ అంకెల్లోనే.

ల్యాప్‌టాప్ బ్యాటరీ అంటే ఉత్త సెల్స్ కాదు. లోపల చిన్న బోర్డు, దాని మీద ఒక చిప్ ఉంటయి. ఎంత ఛార్జ్ ఎక్కింది, ఎంత దిగింది, ఎన్ని సైకిళ్లు అయినయి అన్న లెక్క అంతా ఆ చిప్ దగ్గరే ఉంటది. విండోస్ సొంతంగా బ్యాటరీని కొలవదు, చిప్ చెప్పిన మాటనే మనకు చూపెడ్తది. వాడి పారేసిన సెల్స్‌ను పోగుచేసి, కొత్త కవర్ తొడిగి, చిప్‌ను రీసెట్ చేసి అమ్మేటోళ్లు ఉన్నరు. రీసెట్ కొట్టినంక సైకిళ్లు సున్నా, కెపాసిటీ ఫ్యాక్టరీ లెక్క. మీటర్ వెనక్కి తిప్పిన సెకండ్ హ్యాండ్ బండి లాంటిదే ఇది.

కానీ ఆ అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. ఫుల్ ఛార్జ్ చేసి, తనంతట తను ఆగిపోయేదాకా వాడి, మళ్లీ ఫుల్ చేస్తే చిప్ తన లెక్కను దిద్దుకుంటది. చెల్లె విషయంలో అదే అయింది. సెమినార్‌లో స్లైడ్లు చూపెడ్తుంటే, 38 శాతం ఉన్నదని కనిపిస్తుండగానే స్క్రీన్ ఠక్కున ఆరిపోయింది. ఇంటికి తెచ్చినంక నేను రిపోర్టు తీసిన. డిజైన్ కెపాసిటీ అదే 41,040. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ మాత్రం 17 వేల చిల్లరకు పడిపోయింది. అదే రిపోర్టులో కింద రోజువారీ వాడకం ఉంటది. అందులో 40 దగ్గరి నుంచి ఒక్కసారే కింద పడ్డ గీతలు వరుసగా కనిపించినయి.

లిథియం అయాన్ బ్యాటరీ మామూలుగా 300 నుంచి 500 సైకిళ్లు తిరిగేసరికి అసలు కెపాసిటీలో 80 శాతం దగ్గరికి దిగుతది. మంచి రకాలు ఇంకా ఎక్కువే వస్తయి. ఆపిల్ తన కొత్త మ్యాక్‌బుక్‌లకు 1,000 సైకిళ్లు అని చెప్తది. అంటే నాలుగేండ్లు వాడిన బ్యాటరీ సగానికి దిగిందంటే అది సహజం. కొన్న కొద్ది రోజులకే సగం కన్నా కిందికి పోయిందంటే అది కొత్తది కాదు, అంతే.

వెనక మూత తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడ్డది. బ్యాటరీ మీద కంపెనీ స్టిక్కర్ ఒక మూల లేచి ఉన్నది, దాని కింద ఇంకో స్టిక్కర్ అంచు కనిపిస్తున్నది. పై స్టిక్కర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేదు. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుర్తు పక్కన ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబర్ ఉండాలె. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకో చూపెడ్తది. షాపులో నిలబడే రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. నంబరే లేదంటే ఆ బ్యాటరీ వద్దని అక్కడే చెప్పేయండి. ఇది డబ్బుల ముచ్చట మాత్రమే కాదు. పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి కట్టిన ప్యాకు వేడెక్కుతది, ఉబ్బుతది. మన దగ్గర ఎండాకాలం గదిలోనే ఎంత వేడి ఉంటదో తెలిసిందే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కీబోర్డు మధ్యలో ఉబ్బెత్తుగా అయినా వెంటనే ఆపేసి ఛార్జర్ పీకండి. ఉబ్బిన దాన్ని పొడవొద్దు, నొక్కొద్దు, పరుపు మీద పెట్టొద్దు.

ఇక ఎస్‌ఎస్‌డీ. నిజం చెప్పాలంటే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టుడు మంచి సలహానే. పాత ల్యాప్‌టాప్‌కు దానికి మించిన మందు లేదు. హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరగాలె, దాని మీద ముల్లు కదిలి ఫైల్ వెతకాలె. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర ఎప్పుడు చూసినా 100 శాతం కనిపిస్తుంటే మీ జబ్బు అదే. అయితే పెట్టింది కొత్తదా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే, ఆ డ్రైవ్ అప్పటికే 11 వేల గంటల పైన నడిచి ఉన్నది. సంవత్సరానికి ఉండేదే 8,760 గంటలు. ఏదో ఆఫీసు కంప్యూటర్‌లో రాత్రీ పగలూ నడిచి నడిచి రిటైరైన డ్రైవ్‌ను ప్యాకింగ్ లేకుండా పెట్టి కొత్త రేటు తీసుకున్నడు. కొత్త డ్రైవ్ అయితే పవర్ ఆన్ అవర్స్ దగ్గర సున్నానో, ఒకటి రెండు గంటలో ఉంటది. బ్యాటరీ లాగా కాకుండా, దీన్ని బిల్లు కట్టకముందే చూసుకోవచ్చు.

స్పీడ్ సెట్టింగ్ అని చేసింది ఇంకా ఘోరం. ల్యాప్‌టాప్‌తోపాటు వచ్చిన అసలు విండోస్ హోమ్ తీసేసి, క్రాక్ చేసిన (లైసెన్స్ లేకుండా దొంగదారిలో నడిచే) ప్రో ఎడిషన్ ఎక్కించిండు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిస్తే, డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని ఉండాల్సిన చోట, మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అయింది అని ఇంగ్లిష్‌లో ఉన్నది. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కు సంస్థ ఎక్కడిది? పైగా క్రాక్ పట్టుబడకుండా విండోస్ సెక్యూరిటీలో మినహాయింపుల లిస్టులో మొత్తం సీ డ్రైవ్‌నే పెట్టిండు. అంటే యాంటీవైరస్ ఉన్నది, కానీ ఏం చూడొద్దని దానికి ముందే చెప్పిపెట్టిండు. పైన ఒక బూస్టర్ సాఫ్ట్‌వేర్, ఒక రిజిస్ట్రీ క్లీనర్ (విండోస్ లోపలి సెట్టింగుల జాబితాను శుభ్రం చేస్తనని చెప్పే సాఫ్ట్‌వేర్). రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించేది లేదని మైక్రోసాఫ్టే చెప్పింది.

విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటది. డిస్క్ మార్చినా అదే ఎడిషన్ మళ్లీ ఎక్కిస్తే, నెట్ తగిలినంక తనే యాక్టివేట్ అయితది. దానికి కీ కొననక్కరలేదు, క్రాక్ అంతకన్నా అక్కరలేదు. నేను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని హోమ్ వేసిన, ఏమీ అడగకుండ యాక్టివేట్ అయింది. ఇంకో బెదిరింపు కూడా నడుస్తున్నది: విండోస్ 10 బంద్ అయింది, ఇక మీ సిస్టం పనిచెయ్యదు అని. 2025 అక్టోబర్ 14న ఆగింది సపోర్టు, కంప్యూటర్ కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా వాడుడు మంచిది కాదు కాబట్టి 11కు మారుడు సబబే. మీ మిషన్‌కు అర్హత ఉంటే ఆ అప్‌గ్రేడ్ ఫ్రీ.

పాత హార్డ్ డిస్క్ సంగతి నన్ను ఎక్కువ బాధపెడ్తున్నది. అడిగితే "అది ఎక్స్‌ఛేంజ్‌లో పోయిందన్నా, రేటులో తగ్గించినం కదా" అంటడు. తగ్గించినట్టు కాగితం మీద ఎక్కడా లేదు. అసలు బిల్లే లేదు, తెల్ల చీటీ మీద ల్యాప్‌టాప్ సర్వీస్ అని, కింద అంకె, అంతే. ఆ డిస్క్‌లో చెల్లె మెమోలు, ఆధార్, అమ్మ బ్యాంకు పాస్‌బుక్ స్కాన్, ఇంటి పెండ్లి ఫోటోలు ఉన్నయి. "ఫార్మాట్ కొట్టినం, ఏం కాదు" అంటడు. క్విక్ ఫార్మాట్‌తో పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే. ఫైళ్లు ఉన్న చోటనే ఉంటయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తీయొచ్చు. ఆడపిల్లల ఫోటోలు ఉన్న డిస్క్‌ను తెలియనోళ్ల చేతుల్లో వదిలిపెట్టే పరిస్థితి ఏ ఇంటికీ రావొద్దు. పాడైన పార్ట్ అయినా సరే, చెడిపోయిన డిస్క్ అయినా సరే, మీది మీకు ఇయ్యాలె అని పని అప్పజెప్పేటప్పుడే చీటీ మీద రాయించండి. పోయేముందు ల్యాప్‌టాప్, డిస్క్, ర్యామ్ సీరియల్ నంబర్లు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మూత తీసేది మీ ముందట తీయమని అడగండి. సరిగ్గా పనిచేసే షాపులు మన దగ్గర చానా ఉన్నయి, వాళ్లు దీనికి నారాజ్ కారు.

బ్యాటరీ రిపోర్టు తీసే పద్ధతి: విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అని, దానికి ఆనుకొని సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని గ్యాప్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైల్ ఎక్కడ పడ్డదో అక్కడే చెప్తది, బ్రౌజర్‌లో తెరుచుకుంటది. ఇది కొన్నరోజు ఒకసారి, ఒక ఫుల్ డిశ్చార్జ్ అయినంక ఇంకోసారి తీయాలె. ఆ రెండోదే అసలైన పరీక్ష. వాపసు గడువు దాటకముందే చేయాలె.

ఇంకో మాట. షాపుకు పోకముందే ఇంట్లో అయ్యే పనులు కొన్ని ఉన్నయి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి, మీరు రోజూ వాడనివన్నీ డిసేబుల్ చేయండి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే బ్యాటరీ కండ్ల ముందే ఎక్కువసేపు వస్తది. 120, 144 హెర్ట్‌జ్ (సెకనుకు అన్నిసార్లు బొమ్మ మారే) స్క్రీన్ ఉంటే ఛార్జర్ లేనప్పుడు 60కి పెట్టండి. పరుపు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకపోతయి, ప్రాసెసర్ వేడికి తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది, మనం వైరస్ అనుకుంటం. ఎప్పుడూ ఛార్జర్ పెట్టే వాడేటోళ్లయితే ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, మైఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అని ఉంటది. వేడి, ఎప్పుడూ నూరు శాతం మీద ఉండుడు, ఈ రెండూ బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేస్తయి.

ఇవన్నీ చేసినా బ్యాటరీ మార్చక తప్పదంటే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే మార్పించండి. రేటు ఎక్కువనే. మేము చివరికి అక్కడే వేయించినం, ఫుల్ డిశ్చార్జ్ అయినంక రిపోర్టు తీస్తే కెపాసిటీ 40 వేల పైననే నిలబడ్డది.

ఆ షాపతను వారంటీ లేదు, వాపసు లేదు అన్నడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇయ్యకపోవుడు, లోపం ఉన్న వస్తువును వాపసు తీసుకోకపోవుడు రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు రాయకుంటే 30 రోజుల లోపల వాపసు అడగొచ్చు. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసు ఇంటి నుంచే వేయొచ్చు, రూ. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్, రెండు తేదీల బ్యాటరీ రిపోర్టులు, స్టిక్కర్ ఫోటో, డ్రైవ్ గంటల ఫోటో మేము జతచేసినం. చేతికి నగదు ఇయ్యకుండా యూపీఐతో కట్టుడు ఇక్కడ బాగా పనికొచ్చింది.

డిస్క్ ఇంకా రాలేదు. ఈ లోపల మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లన్నీ మార్చినం, ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టినం. ఇలాంటి ప్యాకేజీ చేయించుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే ముందు మీ పాత డిస్క్ అడిగి తెచ్చుకోండి. ఇచ్చేది లేదంటే ఆలస్యం చేయకుండా ఈ రోజే 1915కు ఫోన్ చేయండి.