నోటా మీట: ఏళ్ల వాడకం తర్వాత ఒక స్వేచ్ఛావాది సమీక్ష

ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థులందరి పేర్లూ అయిపోయాక అట్టడుగున కనిపించే నోటా (పై అభ్యర్థుల్లో ఎవరూ వద్దు) మీటను నేను 2014 సార్వత్రిక ఎన్నికల నుంచి వాడుతున్నాను. దాని గురించి వచ్చే వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం ఎన్నడూ నొక్కనివారివి, కొంత భాగం కోపంలో ఒకసారి నొక్కి మళ్లీ ఏదో ఒక పార్టీ గూటికి చేరినవారివి. అందువల్ల, మానకుండా వాడుతున్నవాడికి అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పడం కొందరికైనా ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

ముందు నా అవసరం ఏమిటో చెప్పాలి. నేను రాజకీయ వార్తలను శ్రద్ధగా అనుసరించే మనిషిని కాను. టీవీ చర్చలు చూడను, ఏ కులం ఓట్లు ఎటు మళ్లుతాయన్న లెక్కల్లో నాకు రుచి లేదు. ప్రాణానికీ ఆస్తికీ రక్షణ, ఒప్పందాల అమలు, వేళకు తీర్పు చెప్పే న్యాయస్థానాలు, వీటిని ప్రభుత్వం సక్రమంగా చూసుకొని, మిగిలిన విషయాల్లో మనుషులను వారి మానాన వదిలేస్తే చాలునన్నది నా అభిప్రాయం. ఇటువంటివారిని స్వేచ్ఛావాదులు, ఇంగ్లీషులో లిబర్టేరియన్లు అంటారు. ఈ అభిప్రాయానికి ఓటు వేద్దామంటే మన ఓటింగ్ యంత్రం మీద గుర్తు దొరకదు.

ఆంధ్రప్రదేశ్‌లో పార్టీల పోటీ తీవ్రంగా ఉంటుందన్నది నిజమే కానీ, ఆ పోటీ అంతా దాదాపు ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తర్వాతి కాలంలో, ఎవరు ఎంత ఇస్తారన్నది పెద్ద చర్చగా మారింది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందని అధికార పక్షం అడగదు. ప్రతిపక్షం అడుగుతుంది కానీ, ఎన్నికల ప్రణాళిక విడుదల నాటికి తాను ఇంకాస్త ఎక్కువ ఇస్తానంటుంది. మద్యం సంగతి ఇంకా విచిత్రం. ప్రభుత్వం 1995లో నిషేధించింది, 1997లో నిషేధాన్ని ఎత్తివేసింది, 2019లో తానే దుకాణాలు తెరిచి అమ్మింది, 2024లో మళ్లీ ప్రైవేటువారికి అప్పగించింది. ఇన్ని మలుపుల్లోనూ, వయసు వచ్చిన మనిషి ఏమి తాగాలో, తాగకూడదో అతడే తేల్చుకుంటాడన్న వాక్యం ఏ ప్రణాళికలోనూ నా కంటబడలేదు.

అయితే నువ్వే ఒక పార్టీ పెట్టుకోవచ్చుగా అని అడిగే మిత్రులు ఉన్నారు. వారికి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989లో అమల్లోకి వచ్చిన 29-ఎ సెక్షన్‌ను చూపిస్తుంటాను. ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే, రాజ్యాంగానికే గాక సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు కూడా విధేయంగా ఉంటామని పార్టీ తన నియమావళిలో రాసుకోవాలి. సామ్యవాదాన్ని వ్యతిరేకించడానికే పుట్టే పార్టీ, సామ్యవాదానికి విధేయత ప్రకటించి పని మొదలుపెట్టాలన్నమాట. ఈ సెక్షన్ రాకముందు అటువంటి పార్టీ ఒకటి నిజంగానే ఉండేది, పైగా దాని అధ్యక్షుడు మనవాడే. 1959లో సహకార వ్యవసాయాన్ని ప్రతిపాదించిన కాంగ్రెస్ నాగపూర్ తీర్మానాన్ని ఎదిరించి, గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా ఆ పార్టీ నుంచి బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. 1967లో అది లోక్‌సభలో 44 స్థానాలు గెలుచుకుంది. 1971లో 8 స్థానాలకు పడిపోయి, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత మా తరానికి కొంత దగ్గరగా అనిపించిన లోక్‌సత్తా 2009లో కూకట్‌పల్లి ఒక్కచోటే గెలిచింది. నాకు నోటా అవసరం ఇందువల్ల వచ్చింది.

నోటా రాకముందు కూడా ఓటును నిరాకరించే దారి ఒకటి ఉండేది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49-ఓ నిబంధన ప్రకారం, ఓటర్ల రిజిస్టరులో సంతకం చేసిన తర్వాత ఓటు వేయదలచుకోలేదని చెబితే, ప్రిసైడింగ్ అధికారి 17-ఎ ఫారంలో ఆ మేరకు రాసి, పక్కన మళ్లీ మన సంతకం తీసుకునేవారు. అంటే అన్ని పార్టీల ఏజెంట్లూ వింటుండగా, మీరెవ్వరూ నాకు నచ్చలేదని చెప్పి, దాన్ని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. పల్లెటూరి పోలింగ్ కేంద్రంలో ఆ పని చేసి తిరిగి ఊళ్లోకి వెళ్లవలసిన మనిషి పరిస్థితి ఊహించుకోవచ్చు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు, పౌరహక్కుల ప్రజా సంఘం (పీయూసీఎల్) 2004లో వేసిన పిటిషన్ మీద తీర్పు చెబుతూ, ఓటు వేసేవాడికి ఉన్న రహస్యం వేయనివాడికీ ఉండాలని, అందుకు యంత్రం మీద ఒక మీట పెట్టాలని ఆదేశించింది. ఆ ఏడాది చివర్లో ఢిల్లీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మిజోరం శాసనసభ ఎన్నికల్లో అది తొలిసారి వాడుకలోకి వచ్చింది.

ఇక వాడకం సంగతి. నొక్కడానికి కష్టమేమీ లేదు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 మీటలు ఉంటాయి, నోటా ఎప్పుడూ చివరిది. అభ్యర్థులు 15 మందికి మించితే అది రెండో యూనిట్‌కు పోతుంది కనుక వెతుక్కోవాలి. మొదట్లో అక్షరాలు మాత్రమే ఉండేవి. 2015లో బ్యాలెట్ పత్రం మీద ఇంటూ గుర్తు వేసిన బొమ్మ వచ్చింది కాబట్టి చదువురానివారు కూడా గుర్తుపట్టగలరు. ఓటు ఎటు పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్ యంత్రం వచ్చాక, ఆ బొమ్మ ఉన్న చీటీ 7 సెకన్లపాటు అద్దం వెనక కనిపించి కింద పడుతుంది. రహస్యం విషయంలో తీర్పు ఇచ్చిన హామీ చాలావరకు నిలబడింది. చాలావరకు అనడానికి కారణం, లెక్కింపు తర్వాత ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని, నోటాకెన్ని అన్నది బయటపడుతుంది. చిన్న ఊళ్లో నాలుగైదు నోటా ఓట్లు కనిపిస్తే, అవి ఎవరివై ఉంటాయో రచ్చబండ దగ్గర తేల్చేస్తారు. ఇది నోటాకు మాత్రమే ఉన్న లోపం కాదు, కానీ తక్కువ ఓట్లు పడే మీటకు ఎక్కువ తగులుతుంది.

అసలు ఇంట్లో కూర్చోక ఎండలో వరుసలో నిలబడటం దేనికని స్వేచ్ఛావాదుల్లోనే కొందరు ఎగతాళి చేస్తారు. వారి వాదనలో బలం ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 79(డి) సెక్షన్ ఓటు వేయడంతో పాటు వేయకుండా ఉండటాన్ని కూడా ఎన్నికల హక్కుగానే నిర్వచించింది; ఓటును తప్పనిసరి చేస్తూ గుజరాత్ స్థానిక సంస్థలకు తెచ్చిన చట్టాన్ని 2015లో అక్కడి హైకోర్టు నిలిపివేసినప్పుడు నేనూ సంతోషించాను. కానీ ఇంట్లో కూర్చున్నవాడిని బద్ధకస్తుడి కిందో, ఊళ్లో లేనివాడి కిందో జమ కడతారు. పైగా ఖాళీగా మిగిలిన పేరు మీద మరొకరు ఓటు వేసే అవకాశమూ ఉంటుంది. నోటా నొక్కినవాడి నిరాకరణ ఒక అంకెగా నమోదవుతుంది, అతడి పేరు మీద దొంగ ఓటు పడదు. నాకు ఈ రెండూ కావాలి, ఈ రెండూ దొరుకుతున్నాయి.

అంతకుమించి ఏమి దొరుకుతుందని అడిగితే, ఏమీ దొరకదు. నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలిచినట్టు. 2024లో ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకోగా, నోటాకు 2,18,674 ఓట్లు వచ్చి రెండో స్థానంలో నిలిచింది. బీజేపీ అభ్యర్థి 11 లక్షలకు పైగా ఆధిక్యంతో పార్లమెంటుకు వెళ్లారు. దేశం మొత్తం మీద చూస్తే, 2014 లోక్‌సభ ఎన్నికల్లో సుమారు 60 లక్షలు, 2019లో సుమారు 65 లక్షలు, 2024లో సుమారు 63 లక్షల ఓట్లు, అంటే ప్రతిసారీ ఒక శాతానికి అటూఇటూ. పదేళ్లలో ఎదగని అంకె ఇది.

ఇంతకంటే నన్ను ఇబ్బంది పెట్టే లోపం ఇంకొకటి ఉంది: నోటా మాట్లాడదు. మన రాష్ట్రంలోనే అరకు లోక్‌సభ స్థానంలో 2019లో దాదాపు 48 వేల నోటా ఓట్లు పడ్డాయి. అది గిరిజనుల నిరసనా, పొరపాటున నొక్కినదా, నిలబడినవారి మీద అయిష్టమా అన్నది ఎవరి వ్యాఖ్యానం వారిదే. ప్రభుత్వం ఎక్కువైపోయిందని నేను వేసిన ఓటు, ప్రభుత్వం తన ఊరికి రోడ్డు వేయలేదని అరకులో ఒకరు వేసిన ఓటు ఒకే కుప్పలో పడతాయి. కుప్పను చూసి నా మాట వినగలిగే నాయకుడు ఎవరూ ఉండరు.

ఇక్కడ నిజామాబాద్‌తో పోల్చి చూడటం న్యాయం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడి పసుపు, ఎర్రజొన్న రైతులు నోటా జోలికి పోకుండా తామే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. వారి కోరిక పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. ఆ రెండింటినీ నేను సమర్థించను. కానీ దేశమంతా వారి కోరిక ఏమిటో తెలుసుకుంది, అప్పటి ఎంపీ ఓడిపోయారు, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. ఆ ఎన్నిక వల్లే బోర్డు వచ్చిందని నేను అనను కానీ, చెప్పదలచుకున్న మాట ఉన్నవాడికి నోటా కంటే నామినేషన్ మెరుగైన సాధనమని మాత్రం ఒప్పుకోక తప్పదు. ఖర్చు కూడా అలాగే ఉంటుంది: లోక్‌సభకు పోటీ చేసేవారు కట్టే ధరావతు (డిపాజిట్) 25 వేల రూపాయలు, నోటాకు పైసా అక్కర్లేదు.

నోటా మీద నా నమ్మకం సడలిన సందర్భం 2024 శాసనసభ ఎన్నికలు. నాకు తెలిసినంత కాలంలో ఆస్తి హక్కు ఇక్కడ అంత పెద్ద ఎన్నికల అంశం కావడం అదే మొదలు. 2023 అక్టోబరు చివర అమల్లోకి వచ్చిన భూమి హక్కుల చట్టం, అంటే అందరూ ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అన్నది, హక్కుల నిర్ధారణను సివిల్ కోర్టుల చేతుల్లోంచి తీసి అధికారుల చేతుల్లో పెడుతోందని న్యాయవాదులు ఆందోళన చేశారు. 44వ రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కు హోదా పోగొట్టుకున్న ఆస్తి హక్కు గురించి ఊరూరా మాట్లాడుకోవడం చూసి, ఈసారికి ఒక పార్టీ గుర్తు మీద నొక్కుదామా అని గట్టిగానే ఆలోచించాను. అయితే ఆ చట్టానికి పోలిక ఉన్న నమూనాను 2020లో రాష్ట్రాల ముందుంచినది కేంద్రంలోని నీతి ఆయోగ్. చట్టాన్ని రద్దు చేస్తామన్న కూటమిలో కేంద్ర పాలక పక్షమూ ఉంది. ఆ సంగతి గుర్తొచ్చి మళ్లీ చివరి మీట దగ్గరికే వచ్చాను. కొత్త ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. ఆ మేలు నాకు ఇతరుల ఓట్ల వల్ల దక్కింది, నా ఓటు వల్ల కాదు. నోటా వాడేవారు ఎదుర్కోవలసిన అసలైన విమర్శ ఇదేననుకుంటాను. ఓటు వృథా అన్న విమర్శ దీని ముందు చిన్నది, ఎందుకంటే ఓడిన అభ్యర్థికి పడ్డ ఓట్ల గతీ అంతే. 2019లో విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్ల తేడాతో ఫలితం తేలిన విషయం చెప్పి భయపెట్టేవారికి నా జవాబు: ఇద్దరిలో ఎవరు గెలిచినా పన్నులు తగ్గనప్పుడు, ఆ 25లో నేను ఉన్నా లేకున్నా నాకు తేడా లేదు.

నోటాకు కోరలు ఇవ్వాలన్న డిమాండు తరచుగా వినిపిస్తుంది. 2018లో హర్యానా, మహారాష్ట్ర రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల వరకు, నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరపాలని ఆదేశాలిచ్చాయి. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో తిరస్కరణ హక్కును సిఫారసు చేయడానికి ఒప్పుకోలేదు. ఆశ్చర్యంగా అనిపించవచ్చు కానీ, నేను కూడా రీపోలింగ్‌ను కోరుకోవడం లేదు. అవే పార్టీలు ఇంకో నలుగురిని నిలబెడతాయి, ఖర్చు మాత్రం మళ్లీ మన పన్నుల్లోంచే పోతుంది. నోటా గెలిచిన చోట ఆ సీటు అయిదేళ్లు ఖాళీగా ఉండాలన్నది నా కోరిక. సభలో చేతులెత్తేవారు ఒకరు తగ్గితే నియోజకవర్గానికి వచ్చే నష్టం ఏమిటో నాకు ఎవరూ తృప్తిగా చెప్పలేకపోయారు. ఈ కోరిక తీరదని తెలుసు.

దొరకని చోట్లు కూడా చెప్పాలి. రాజ్యసభ ఎన్నికల్లో నోటాను 2018లో సుప్రీంకోర్టే తొలగించింది. అది ఎమ్మెల్యేల గొడవ, మనకు పట్టదు. మనకు పట్టేది ఏకగ్రీవం. 2024లో సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలిన అభ్యర్థులంతా రంగం నుంచి తప్పుకోవడంతో పోలింగ్ లేకుండానే ఎంపీ ఎన్నికయ్యారు. ఒకే పేరు మిగిలినప్పుడే నోటా అవసరం ఎక్కువ, అప్పుడే అది అందుబాటులో ఉండదు.

ఎవరికో ఒకరికి ఓటు వేయాలనిపించి మనసు ఊగిసలాడేవారికి నోటాను నేను సూచించను. వారు తమకు తక్కువ హాని చేసే అభ్యర్థిని ఎంచుకోవడం మేలు. ఎవరికీ అధికార పత్రం రాసి ఇవ్వదలచుకోనివారికి, ఆ నిరాకరణ గుట్టుగా లెక్కలోకి వస్తే చాలుననుకునేవారికి ఇది సరిపోతుంది, నేను ఇకముందూ వాడతాను. ఒక్క మార్పు అడిగే వీలుంటే ధరావతు లెక్క గురించి అడుగుతాను. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాని అభ్యర్థి ధరావతు పోతుంది, కానీ ఆ చెల్లిన ఓట్లలో ఇప్పుడు నోటాను కలపడం లేదు. కలిపితే, గెలవలేకపోయినా డబ్బు దక్కించుకుందామనుకునే అభ్యర్థులు మావాళ్లు ఎంతమంది ఉన్నారో పోలింగ్‌కు ముందే లెక్కపెట్టుకుంటారు.