అత్తయ్య మోకాళ్ళు, పాప పరుగులు: చెన్నై తీరంలో ఎక్కడ నడవాలి?

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో చుట్టాలొస్తే చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకి ముందుగా ఎదురయ్యే ప్రశ్న, "బీచ్‌కి ఎప్పుడు తీసుకెళ్తారు?" తీసుకెళ్ళడం తేలికే. ఏ బీచ్‌కి, ఏ పూట, ఎంత దూరం అన్నదే తేలాలి. మా ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య, ఒక్కచోట నిలవని ఐదేళ్ళ పాప ఉన్నారు. ఇలాంటి ఇంట్లో సముద్రం ఎంత అందంగా ఉందన్నది తర్వాతి మాట. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య ఏముందో ముందు చూసుకోవాలి. నేను ప్రతి బీచ్‌నీ ఆ లెక్కలోనే చూస్తాను.

మెరీనా సంగతి ముందు చెప్తాను, అందరూ అడిగేది దాని గురించే. ఇక్కడ ఇసుక చాలా వెడల్పు. ఫుట్‌పాత్ దిగి అలల దాకా వెళ్ళేసరికే పెద్దవాళ్ళ ఓపిక సగం అయిపోతుంది, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఈ వెడల్పు మొదటి నుంచీ ఉన్నది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బర్ కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకకి ఆ గోడలు అడ్డుపడ్డాయి. ఆ ఇసుకంతా ఏళ్ళ తరబడి ఇక్కడ మేట వేసింది. హార్బర్‌కి అవతల రాయపురం వైపు తీరానికి ఇసుక అందక అది కోతకి గురైంది. మన పిల్లలు ఆడుకునే ఇసుక అవతలి జాలర్ల పేటలకి అందకుండా పోయిందని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

మెరీనాలో నడక అంటే నా ఉద్దేశంలో ఇసుక మీద కాదు, రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద. శ్రామికుల విగ్రహం నుంచి లైట్‌హౌస్ దాకా సుమారు మూడు కిలోమీటర్లు, అంతా చదునే. ఆ విగ్రహం 1959 నాటిది, దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసినది. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటే ఆ కండరాల బిగువు దగ్గరగా నిలబడి చూడాలి. అంత దూరం నడవలేనివాళ్ళు వివేకానంద హౌస్ దగ్గర దిగొచ్చు. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన ఐసు గడ్డల్ని ఒకప్పుడు ఆ భవనంలోనే దాచేవాళ్ళు. "ఐసు కరిగిపోలేదా?" అని మా పాప అక్కడి నుంచి లైట్‌హౌస్ దాకా అడుగుతూనే ఉంది.

వివేకానంద హౌస్‌కి ఎదురుగానే 2022 నవంబరులో ఇసుక మీద చెక్క బాట వేశారు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు కూడా నీళ్ళ దగ్గరికి వెళ్ళేలా. డిసెంబరులో మాండస్ తుఫానుకి అది దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. అత్తయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, పక్కన కమ్మీ ఆసరాగా ఒక్కో అడుగు వేసుకుంటూ చివరిదాకా వచ్చారు. "ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందే అమ్మాయ్" అంటూ అలా నిలబడిపోయారు. నగరం ఇలాంటి పని ఒక్కటి చేస్తే ఎంతమందికి సముద్రం దక్కుతుందో ఆ రోజు కళ్ళారా చూశాను. కాళ్ళు బాగున్నవాళ్ళు దయచేసి ఆ బాట మీద అడ్డంగా కూర్చుని ఫోటోలు దిగకండి. వెనక చక్రాల కుర్చీ ఆగిపోతుంది.

లైట్‌హౌస్‌కి లిఫ్ట్ ఉంది కాబట్టి పెద్దవాళ్ళని కూడా పైకి తీసుకెళ్ళొచ్చు. సోమవారం సెలవు. మెట్రో పనులు జరుగుతున్నంత కాలం ఆ చుట్టుపక్కల రోడ్డు దాటేటప్పుడు పిల్లల చెయ్యి వదలకండి. ఇంకొకటి, మెరీనాలో ఈతకి అనుమతి లేదు. పైకి మామూలుగా కనిపించే నీళ్ళే లోపలికి లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. మా పాపని చీలమండ దాటి తడవనివ్వను, ఎంత ఏడ్చినా సరే.

అత్తయ్యతో అయితే నా ఓటు బెసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కే. ఇక్కడ రోడ్డుకీ నీళ్ళకీ మధ్య దూరం తక్కువ, పిట్టగోడ మీద కూర్చున్నా అలలు కనిపిస్తాయి. ఇసుకలో తెల్లగా నిలబడి ఉండేది కార్ల్ ష్మిట్ స్మారకం. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడు ఆయన. అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే వేళాంకణి చర్చి, ఇంకాస్త ముందుకి అష్టలక్ష్మి గుడి. గుడిలో కొందరు లక్ష్ములు పై అంతస్తుల్లో ఉంటారు, మెట్లు ఇరుకు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు కిందే దణ్ణం పెట్టుకోవడం మేలు. బెసెంట్ నగర్ బస్టాండు నుంచి బీచ్‌కి నడిచే వెళ్ళొచ్చు, మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. టాయిలెట్లు మాత్రం పొద్దున పూట నయం, సాయంత్రం జనం పెరిగాక ఇంటి నుంచే పని చూసుకుని రావాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. 1988 నుంచి విద్యార్థుల సంస్థ ఎస్.ఎస్.టి.సి.ఎన్. వాళ్ళు రాత్రుళ్ళు తీరం వెంట నడిచి, ఆ గుడ్లని సేకరించి, కంచె వేసిన చోట మళ్ళీ పూడ్చి కాపాడుతున్నారు. వారాంతాల్లో మనల్నీ వెంట తీసుకెళ్తారు, కానీ నడక అర్ధరాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది, ఇసుకలో కిలోమీటర్ల కొద్దీ. పదేళ్ళు దాటిన పిల్లలున్నవాళ్ళు తప్పక వెళ్ళండి. చిన్నపిల్లలకి సీజన్ చివర్లో సాయంత్రం పూట తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమమే సరైనది. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్ల, తడి ఇసుక మీద గీతలు పెట్టుకుంటూ పాకుతుంది. అల వెనక్కి తోస్తే తిరగబడి, సర్దుకుని మళ్ళీ బయల్దేరుతుంది. వెలుతురు ఎటుంటే అటు పాకడం వాటి స్వభావం, అందుకే సెల్‌ఫోన్ టార్చ్‌లు, ఫ్లాష్‌లు వద్దంటారు. గట్టిగా అరవకుండా చూడడం మా పాప అక్కడే నేర్చుకుంది.

పిల్లల్ని నీళ్ళలో ఆడించాలనుంటే చెన్నై నుంచి తీరం వెంట దక్షిణానికి వెళ్ళే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కోవళం వెళ్ళండి. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2021లో వచ్చిన బీచ్ అది. స్నానానికి హద్దు, కాపలాకి మనుషులు, స్నానాల గదులు, బట్టలు మార్చుకునే చోటు అన్నీ ఉన్నాయి. నీడ తక్కువ, ఎండ ఎక్కకముందే బయటపడాలి.

ఒక రాత్రి ఉండాలంటే మహాబలిపురమే. సముద్రతీర ఆలయం దగ్గర బాట చదును, చుట్టూ పచ్చిక. టికెట్ 40 రూపాయలు, అదే టికెట్‌తో ఆ రోజే పంచ రథాలూ చూడొచ్చు, పదిహేనేళ్ళలోపు పిల్లలకి ఉచితం. పొద్దున ఆరింటికే తెరుస్తారు, ఆ వేళకే వెళ్ళండి. ప్రాకారం మీద వరసగా కూర్చున్న నందుల్ని దగ్గర్నుంచి చూస్తే, ఉప్పుగాలికి ముక్కూ కళ్ళూ అరిగి నున్నగా అయిపోయాయి. పన్నెండు వందల ఏళ్ళకి పైగా ఆ గాలిని ఓర్చుకున్న రాయి అది.

బస విషయంలో నాకింకా కోపం తగ్గలేదు. సముద్రం కనిపిస్తుందని చెప్పిన ఒక లాడ్జిలో మాకు మూడో అంతస్తు గది ఇచ్చారు. లిఫ్ట్ లేదు, కిటికీకి ఎదురుగా పక్కింటి నీళ్ళ ట్యాంకు. ఫోన్‌లో అత్తయ్య సంగతి చెప్పి కింద గదే కావాలన్నాను, సరేనన్నారు. వచ్చాక కాదన్నారు. అందుకని గది బుక్ చేసేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ అన్న మాట మెసేజ్‌లో రాయించుకోండి. ఒత్తవాడై వీధి చుట్టుపక్కల గదులు బీచ్‌కి దగ్గరే కానీ ఇరుకు మెట్లవే ఎక్కువ. పెద్దవాళ్ళుంటే తమిళనాడు టూరిజం వాళ్ళ రిసార్ట్‌ వైపు చూడండి. తోట ఉంది, సముద్రం పక్కనే, పిల్లలు పరిగెత్తడానికి చోటుంది.

అక్కడి నుంచి ఉత్తరానికి ఐదు కిలోమీటర్లలో సాలువన్‌కుప్పం, పులి గుహ. బండ చుట్టూ చెక్కిన యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) తలల్ని పిల్లలు లెక్కపెట్టుకుంటారు, పెద్దవాళ్ళు సరుగుడు చెట్ల నీడలో కూర్చుంటారు. 2004 సునామీ తర్వాత బయటపడ్డ శాసనాల ఆధారంగా తవ్వితే దొరికిన సుబ్రహ్మణ్య స్వామి గుడి ఇటుక పునాదులు పక్కనే ఉన్నాయి. మహాబలిపురం వెళ్ళి ఇది చూడకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ, చాలా అన్యాయం.

ఆదివారం సాయంత్రం ఈసీఆర్ మీద తిరుగు ప్రయాణం పెట్టుకోకండి, ట్రాఫిక్‌లో పిల్లలకి ఆకలి, పెద్దవాళ్ళకి నడుం నొప్పి. మధ్యాహ్నం భోజనాలు కాగానే బయల్దేరి, దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణాది పాత ఇళ్ళు, చేతిపనులు చూపించే మ్యూజియం దక్షిణచిత్రలో ఒక గంట ఆగితే సరి. మంగళవారం తప్ప అన్ని రోజులూ తెరిచే ఉంటుంది.