జీవం అరుదా, సర్వసాధారణమా: తేల్చేది అంగారకుడా, ఎన్సెలాడస్సా?

విశ్వంలో జీవం పుట్టడం ఎంత సులభమో తెలియాలంటే ముందుగా ఎక్కడ వెతకాలి, అంగారకుడి మీదా లేక శని ఉపగ్రహమైన ఎన్సెలాడస్ మీదా అని పాఠకులు నన్ను తరచూ అడుగుతున్నారు. రెండింటి గురించీ మీకు కొంత తెలుసు కాబట్టి నేరుగా తూకంలోకి వెళ్తాను.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. జీవం విషయంలో ఆ లెక్క పనికిరాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా శిలల్లో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల ఆనవాళ్లు దొరికాయి కనుక భూమి మీద జీవం త్వరగానే పుట్టిందని చెప్పవచ్చు. కానీ జీవం పుట్టని చోట ఈ ప్రశ్న వేసేవారే ఉండరు. మన చేతిలో ఉన్న ఒకే ఒక్క మెతుకు మనల్ని కన్న మెతుకే. కాబట్టి మనకు రెండో మెతుకు కావాలి, అదీ మొదటిదానితో ఏ సంబంధమూ లేకుండా తనంతట తాను ఉడికినదై ఉండాలి. నా దృష్టిలో ఈ ఎంపికను నిర్ణయించేది ఇదొక్కటే.

అంగారకుడికి ఉన్న అనుకూలతలు నిజంగా గొప్పవి. దగ్గరగా ఉంది, ఒకప్పుడు అక్కడ నీళ్లు పారాయి, రోవర్లు ఇప్పటికే తిరుగుతున్నాయి. 2024లో పర్సివరెన్స్ రోవర్ జెజెరో బిలం దగ్గర చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్న ఒక రాయిని పరిశీలించి, దాని నుంచి నమూనా తీసుకుంది. ఆ మచ్చలలో కనిపించిన ఇనుప ఖనిజాలు భూమి మీద సూక్ష్మజీవుల వల్ల ఏర్పడగలవు, జీవం ప్రమేయం లేకుండానూ ఏర్పడే అవకాశం ఉంది.

అయితే 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షేర్‌ఘాటీ వద్ద ఆకాశం నుంచి పడిన సుమారు 5 కిలోల రాయిని గుర్తుచేసుకోండి. అది అంగారకుడి నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు గుర్తించడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ జాతి ఉల్కాశిలలన్నింటికీ నేడు దాని పేరే పెట్టారు. పెద్ద ఉల్కలు ఢీకొన్నప్పుడల్లా ఎగిరిపడిన రాళ్లను ఈ రెండు గ్రహాలూ కోట్ల ఏళ్లుగా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అంగారకుడి మీద రేపు సూక్ష్మజీవి దొరికినా, అది మన దాయాది కాదని ఎలా తేల్చుకుంటాం? పుట్టుక ఒక్కటే అయితే జీవం అరుదా, సాధారణమా అన్న ప్రశ్న ఉన్నచోటే ఉంటుంది.

ఎన్సెలాడస్‌కు ఈ చిక్కు దాదాపు లేదు. భూమి నుంచి ఎగసిన రాయి అంత దూరం చేరడమే అరుదు, చేరినా ఆ ఉపగ్రహాన్ని కప్పిన మంచు పొరను దాటి దాని కింద ఉన్న సముద్రంలో పడడం మరీ కష్టం. 500 కిలోమీటర్ల వ్యాసమున్న ఈ చిన్న గోళం దక్షిణ ధ్రువంలోని చీలికల నుంచి తన సముద్రపు నీటిని తానే అంతరిక్షంలోకి చిమ్ముతోంది. మంచును తవ్వనక్కర్లేదు, ఆ తుంపరల గుండా దూసుకుపోతే చాలు. 2015 అక్టోబరులో కస్సీని వ్యోమనౌక ఉపరితలానికి 49 కిలోమీటర్ల ఎత్తులో సరిగ్గా అదే చేసింది. ఆ తుంపరలలో హైడ్రోజన్ ఉందని 2017లో వెల్లడైంది. భూమి మీది సముద్రగర్భపు వేడి ఊటల దగ్గర కొన్ని సూక్ష్మజీవులకు అదే ఆహారం. అక్కడి నుంచి వెలువడి శని వలయంలో చేరిన తొమ్మిది మంచు రేణువుల్లో జీవానికి అవసరమైన ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో తేలింది. కంటికి కనిపించని అంత చిన్న రేణువుల నుంచి ఒక సముద్రపు రసాయనాన్ని చదవగలిగాం అన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కస్సీని శనిని చేరడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. ఆ ఉపగ్రహం వయసు పది కోట్ల ఏళ్లే కావచ్చన్న వాదన కూడా ఉంది. అదే నిజమైతే జీవం పుట్టడానికి వ్యవధి చాలకపోయి ఉండవచ్చు.

గురుడి ఉపగ్రహం యూరోపా కూడా మంచి అభ్యర్థే, 2024లో బయలుదేరిన క్లిప్పర్ వ్యోమనౌక 2030లో గురుడిని చేరనుంది. కానీ అక్కడి నీటిని కప్పిన మంచు చాలా మందం. శని మరో ఉపగ్రహం టైటాన్ రసాయనికంగా ఆసక్తికరమే గానీ ఈ ప్రశ్నకు అది రెండో వరుసలోనిది.

అంగారకుడి పక్షాన ఒక్క మాట తప్పక చెప్పాలి. ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు మన రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలైన రెండు రూపాల్లో ఉండగలవు. భూమి మీది ప్రాణులన్నీ తమ ప్రోటీన్లను ఎడమచేతి వాటం అమైనో ఆమ్లాలతోనే కట్టుకుంటాయి. అంగారకుడి జీవి కుడిచేతి వాటానిదని తేలితే అది మన దాయాది కాదని ఒప్పుకుని, నా తూకాన్ని మార్చుకుంటాను. అదీ ఎడమచేతి వాటమే అయితే సందేహం తీరదు కనుక, వ్యోమనౌకను ఒక్కచోటికే పంపగలిగితే ఎన్సెలాడస్‌కే పంపమంటాను.